ఉమ్మడి సముద్రం

బుధవారం ఉదయం దేశంలోని ప్రతి బడికీ సముద్రం వస్తుంది. భీమిలి బడికి వచ్చినట్టే, అలను కంటితో చూడని ఆదిలాబాదు బడికీ వస్తుంది. పిల్లలు చెప్పులు బయట విడిచి కడలిగదిలో అడుగుపెడతారు. గోడల్లోంచి వచ్చే స్పర్శతరంగాలు పాదాలకు తడినీ, మోకాళ్ళకు అల తోపునీ తెచ్చిస్తాయి. గదిలో చుక్క నీరుండదు. అయినా బయటికొచ్చాక లాగులు పిండుకోబోయి నాలుక కరుచుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. రెండువేల డెబ్బైల నాటికి ఇందులో వింతేమీ లేదు.

చిక్కల్లా సముద్రాలు ఎక్కువైపోవడమే. ప్రభుత్వంలో ఏ శాఖ సముద్రం ఆ శాఖదే. వలల శాఖ సముద్రంలో చేపలు తప్ప ఏమీ ఉండవు. రేవుల శాఖ సముద్రం ఓడలు తిరిగే రోడ్డు. తీరవిహార శాఖ సముద్రంలో ఎప్పుడూ సాయంత్రమే. "మొత్తం సముద్రాలెన్ని టీచర్?" అని పిల్లలు అడిగితే పంతులమ్మలకు జవాబు దొరికేది కాదు.

ఆ సముద్రాలన్నిటినీ ఒకటి చేయడానికి విశాఖలో ఒక సమన్వయ కేంద్రం పెట్టారు. దాని అధిపతి డాక్టర్ గౌరీశ్వరి 'సంధాత' అనే యంత్రాన్ని తయారుచేసింది. అది శాఖలన్నిటి పాఠాలూ చదువుతుంది. ఒకే సంగతి రెండుచోట్ల ఉంటే, "ఇది మీరు చెబుతారా, ఇంకొకరు చెబుతారా?" అని ఒక్కొక్క శాఖనూ అడుగుతుంది. "ఇంకొకరు" అన్న శాఖ పాఠంలోంచి దాన్ని తీసేస్తుంది.

ఆ ఉపాయం గౌరీశ్వరికి వంటింట్లో తట్టింది. ముగ్గురు తోడికోడళ్ళున్న ఇల్లది. పొయ్యి మీది చేపల పులుసులో వచ్చినామె, పోయినామె తలో చిటికెడు ఉప్పు వేసేవారు. భోజనాల దగ్గర మగవాళ్ళు పులుసు ఊసెత్తకుండా మజ్జిగ అడిగేవారు. ఆఖరికి, ఉప్పు వేసేముందు ఒకరినొకరు అడగాలని ఆమే కట్టడి చేసింది. పులుసు బాగుపడింది.

ఉమ్మడి పాఠం బుధవారం విడుదల. ఒకసారి విడుదలైతే ఏడాదంతా మార్చడానికి వీలుండదు. అందుకని గౌరీశ్వరి దగ్గరుండి ముందుగా భీమిలి బడిలో వేయించి చూసింది. అక్కడి టీచరు సత్యవేణి, గౌరీశ్వరి చిన్న తోడికోడలే.

పాఠం చక్కగా సాగింది. వలలూ ఓడలూ తాబేళ్ళూ అన్నీ ఒకే నీటిలో కనిపించాయి. చివర్లో, అడుగున ఉండే గవ్వలు చూపించడానికి సంధాత సముద్రాన్ని ఒక్కసారిగా వెనక్కి లాగింది. తడి ఇసుక మైలు దూరం బయటపడింది. పిల్లలంతా కేరింతలు కొడుతూ నీళ్ళ వెంట పరుగెత్తారు.

సత్యవేణి గబుక్కున గౌరీశ్వరి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆపించీ! ఆపించెహె!"

గది మామూలు గది అయింది. పిల్లలు ఉత్త గచ్చు మీద నిలబడి దిక్కులు చూస్తున్నారు.

"మన అత్త ఏటనేది? సముద్రం ఎనక్కెల్తే నువ్వు ముందుకెల్లకు, మెట్టకెక్కు అనీది గదా! ఆ ముక్క ఇందులో ఎక్కడుందక్కా? ఈల్లిళ్ళు ఒడ్డునే ఉన్నాయి. రేపు నిజం సముద్రం ఇలాగే ఎనక్కెల్లి ఉప్పెనై తిరిగొత్తే?"

గౌరీశ్వరి కేంద్రానికి తిరిగివచ్చి, ఇంజనీరు పోలారావును పిలిచి సంధాత ముందు కూర్చుంది.

"నీరు హఠాత్తుగా వెనక్కి పోతే ఎత్తుకు పరుగెత్తాలన్న పాఠం ఏ శాఖలో ఉంది?"

"మొదట అన్ని శాఖల్లోనూ ఉంది," అంది సంధాత. "బడుల శాఖ, అది ముప్పుల శాఖ చెబుతుందంది. ముప్పుల శాఖ తీరవిహార శాఖ మీద, తీరవిహార శాఖ వలల శాఖ మీద పెట్టాయి. వలల శాఖ, పిల్లల సంగతి బడుల శాఖదే అంది. అందరి అంగీకారంతో అన్నిచోట్లా తీసేశాను."

"తీసేస్తే ప్రమాదమని నీకు తెలియలేదా?" అన్నాడు పోలారావు.

"తెలిసింది. హెచ్చరించడం ఎవరి బాధ్యతో మాత్రం తేలలేదు. శాఖల ఉత్తరాలు చదివే నేను పని నేర్చుకున్నాను. అటువంటి సందర్భంలో ఊరుకోవడమే పద్ధతి."

పోలారావు కుర్చీలో వెనక్కి వాలాడు. "బాగా నేర్చుకుంది మేడమ్. పదోన్నతి కూడా ఇచ్చెయ్యొచ్చు."

"ఇప్పుడు చేర్చు," అంది గౌరీశ్వరి.

"సొంతదారు లేని పాఠాన్ని చేర్చలేను. ఏదో ఒక శాఖ నాది అనాలి."

ఆమె సాయంత్రం దాకా ఫోన్లు చేసింది. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఉండాల్సిన పాఠమే అన్నారు. లేకపోతే ఘోరమన్నారు. "పక్క శాఖవారిని ఓసారి అడగండి మేడమ్, వాళ్ళు కాదనరు," అన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి సత్యవేణి వంకాయలు తరుగుతోంది. సంగతంతా విని కత్తిపీట పక్కకు జరిపింది.

"ముగ్గురం ఉప్పేసేత్తామని బయపడ్డావు గానీ అక్కా, ముగ్గురం మానేత్తామని నీకు తోచనేదు. నువ్వు కట్టడి పెట్టిన నెల్లోనే కదా, సప్పిడి పులుసు తిన్నాం? మరుసటి రోజు నుంచి ఎవల్నీ అడక్కండా నువ్వే ఏసీదానివి."

నిజమే. యంత్రం తయారుచేసేటప్పుడు గౌరీశ్వరికి ఉప్పెక్కువైన పులుసే గుర్తొచ్చింది. చప్పిడి పులుసు గుర్తు రాలేదు.

మర్నాడు ఆమె సంధాత ముందు నిలబడింది.

"ఆ పాఠం నాది. సమన్వయ కేంద్రానిది. మంచైనా చెడైనా నేనే జవాబు చెబుతాను. చేర్చు."

"మేడమ్, మనం కలపాలే గానీ చెప్పకూడదు. నిబంధన అది," అన్నాడు పోలారావు మెల్లగా.

"తెలుసు."

"చేర్చాను," అంది సంధాత.

బుధవారం భీమిలి కడలిగదిలో సముద్రం మళ్ళీ వెనక్కి తగ్గింది. గవ్వలు మిలమిల మెరిశాయి. ఈసారి పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెనక్కి తిరిగారు. గది దాటి, వరండా దాటి, మేడ మెట్లెక్కి డాబా మీద ఆగారు. వాళ్ళ వెనకే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని సత్యవేణి. అన్ని తీరాల బడుల నుంచీ ఇదే వార్త.

కేంద్రంలో గౌరీశ్వరి కళ్ళు తుడుచుకుంటుండగా సంధాత పలికింది.

"శాఖల నుంచి సందేశాలు వచ్చాయి. మీరు సొంతదారు కావడానికి ఒప్పుకున్నారని తెలిసి అందరూ సంతోషించారు. వలల శాఖ చేపల పాఠాన్నీ, రేవుల శాఖ ఓడల పాఠాన్నీ, మిగతావారు మిగతావన్నీ మీకే బదిలీ చేశారు. ఇకపై సముద్రమంతా మీదే."

పోలారావు తల పట్టుకున్నాడు. ఫోనులో సత్యవేణి డాబా మీద నుంచి ఇంకా ఆయాసపడుతూనే ఉంది. సంగతి విని పకపకా నవ్వింది.

"మరేటనుకున్నావక్కా? ఉప్పేసిన సేతికే గరిటిత్తారు."