ప్రాసెక్ మిల్లులో ఎడమ పక్కన

ప్రాసెక్ వాగు పక్కన పాత పత్తి జిన్నింగు మిల్లు ఒకటుంది. పైన రేకులు, చుట్టూ రేకులు, ముందు తలుపే లేని పెద్ద ద్వారం. మా టెక్సస్ మగాళ్ళు పాముల్ని బూటుతో తొక్కేస్తారు, తుఫానొస్తే వరండాలో కుర్చీ వేసుకుని చూస్తారు. ఆ మిల్లు పక్క దారిన రాత్రిపూట వెళ్ళమంటే మాత్రం, "అటు బురద ఎక్కువ" అంటారు. మూడేళ్ళు వాన పడకపోయినా సరే, బురదే.

తాతల నాడు బేళ్ళు కట్టే ప్రెస్సులో ఒక పనివాడు పడ్డాడంటారు. వాడి పేరు ఎవరికీ గుర్తులేదు. ఆకారం మాత్రం అందరికీ గుర్తే — టోపీ, వంగిన మెడ. ద్వారంలో నిలబడి వెలుగు వేస్తే ఎడమ పక్కన నల్లగా కనిపిస్తాడు. వెలుగు అటు తిప్పితే... పక్కకి జరుగుతాడు.

మీరు నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. ట్విలా హ్రూస్కా కూడా నవ్వేది. నాలుగేళ్ళ కిందటిదాకా.

ఆ రాత్రి ఆమె తండ్రి ఎమిల్, బాబాయి ఆల్విన్ కలిసి అడవి పందుల వేటకి వెళ్ళారు. పందులు వేరుశనగ చేను దున్నిపారేస్తున్నాయి. ఆల్విన్ వాగు అవతల ఉంటానన్నాడు. ఎమిల్ పొట్టి గొట్టం రైఫిలు పట్టుకుని మిల్లు ద్వారం దగ్గరికి వచ్చాడు, తుపాకీ లైటు వేశాడు, నల్లటిది కనిపిస్తే పందనుకుని కాల్చాడు. దగ్గరికెళ్ళి చూస్తే —

తమ్ముడు. ఒంటిమీద వేటగాళ్ళ నారింజ రంగు కోటు.

కిలోమీటరు దూరానికి కనిపించే కోటు అది. మనిషిని పందనుకోకుండా ఉండడానికే వేసుకునే కోటు. అంత లైటు వేసి అది కనపడలేదంటే ఎవరు నమ్ముతారు? ఎమిల్ మాత్రం షెరీఫుకి ఒకటే మాట చెప్పాడు. "ఎడమ పక్క నల్లగా ఏదో నిలబడింది. నారింజ రంగు లేనే లేదు."

షెరీఫు ప్రమాదం అని రాసుకున్నాడు. ఆల్విన్ భార్య వ్లాస్టా అలా రాసుకోలేదు. అన్నదమ్ములిద్దరి మధ్యా వాగు పక్క బీడు గురించి పాత పేచీ ఉంది మరి. ఆరోజు నుంచి వ్లాస్టా ఎమిల్ ఇంటి గడప తొక్కలేదు. ఎమిల్ తమ్ముడి సమాధి దగ్గరికి వెళ్ళలేదు. ఏటా నవంబరులో ఫాదర్ వచ్చి సమాధులన్నిటినీ దీవించే రోజున ఊరంతా శ్మశానంలో ఉంటే, ఎమిల్ ఒక్కడే ట్రక్కు టైర్లకి గాలి కొట్టుకుంటూ ఇంట్లో ఉండిపోయేవాడు. టైర్లలో గాలి బాగానే ఉండేది.

ఈ ఏడు పందులు మళ్ళీ వచ్చాయి. చేను ఇప్పుడు ట్విలా చూసుకుంటోంది. నెలల తరబడి ప్రభుత్వ అనుమతి కాగితం కోసం ఆగి, పొట్టి గొట్టం రైఫిలు ఒకటి తెచ్చుకుంది. దానికి చిన్న లైటు కావాలని లియాండర్ మ్రాజ్ కొట్టుకి వెళ్ళింది. ఆ కొట్లో ముందు దాణా బస్తాలు, వెనక తుపాకులు, మధ్యలో లియాండర్ కబుర్లు. మూడింట్లో కబుర్లే చవక.

"అన్నిట్లోకీ ఎక్కువ వెలుగిచ్చేది ఇవ్వండి, మ్రాజ్ గారూ."

"ఎందుకే పిల్లా, చంద్రుడి మీద పందులున్నాయా?" అన్నాడాయన, గసగసాలు పెట్టిన కొలాచీ బన్ను కొరుకుతూ. "వాగు దగ్గర మంచు పడుతుంది. అంత లైటు వేస్తే తెల్లగోడ లేచి నీ మొహం మీదే పడుతుంది. రేకుల మీద వేశావంటే నీ కళ్ళే పోతాయి. పంది నిన్ను చూసి నవ్వుకుంటుంది."

"పోనీ ఇది?"

"పొడుగెక్కువ. అన్ని నెలలు ఆగి పొట్టి గొట్టం తెచ్చుకున్నది మళ్ళీ ముందుకి దూలం తగిలించుకోడానికా? బొటనవేలికి మీట అందాలి, బరువు ముందుకి లాగకూడదు. ఇదిగో, ఈ బుడ్డిది తీసుకో. ఆ గోడకేసి వేసి చూడు."

ట్విలా మ్యాగజైను తీసింది. లోపల తూటా లేదని వేలు పెట్టి తడిమి చూసుకుంది. లియాండర్ లైటుని గొట్టం కుడి పక్కన బిగించాడు. బిగించి, కొట్లో దీపాలు ఆర్పేశాడు.

ట్విలా మీట నొక్కింది.

తెల్లగోడ మీద గుండ్రంగా వెలుగు. ఆ వెలుగులో, ఎడమ పక్కన... నల్లగా... వంగిన మెడతో...

ఆమె చేతిలో తుపాకీ కొద్దిగా వణికింది. గోడమీద ఉన్నవాడు కూడా వణికాడు.

"అదా?" అన్నాడు లియాండర్ కొలాచీ నములుతూనే. "నీ గొట్టం నీడ. లైటు వెనక్కి బిగించాను, అందుకని గొట్టం వెలుగుకి అడ్డొచ్చింది. గొట్టం మూతి దాకా ముందుకి జరిపితే పోతుంది. చెప్తే వింటారా ఎవరైనా? కాల్చినప్పుడు లైటు మీద మసి పడుతుందని అందరూ వెనక్కే పెట్టించుకుంటారు."

"అందరికీ కుడి పక్కనే బిగిస్తారా మీరు?"

"ముప్ఫై ఏళ్ళుగా."

ట్విలా తుపాకీని మెల్లగా ఎడమకి తిప్పింది. గోడమీద ఉన్నవాడు అంతే మెల్లగా ఎడమకి జరిగాడు. ఎంత తిప్పితే అంత పారిపోయాడు.

ఆమె దాణా బస్తా మీద కూలబడింది. మిల్లులో దెయ్యాన్ని చూశామన్న ప్రతివాడి తుపాకీకీ లైటు ఈ కొట్లోదే. కుడి పక్కన. వెనక్కి.

"దీపాలు వెయ్యండి మ్రాజ్ గారూ," అంది గుసగుసగా. "మీరు ఈ ఊరికి ముప్ఫై ఏళ్ళుగా దెయ్యాన్ని అమ్ముతున్నారు."

"రసీదు ఇస్తూనే ఉన్నా కదా," అన్నాడాయన. ట్విలా నవ్వలేదు. ఆమెకి కనిపిస్తున్నది నారింజ రంగు కోటు. దాని మీద పడిన గొట్టం నీడ. ఆ నీడని పందనుకుని వెంట తిరిగిన తండ్రి.

అబద్ధం కాదు. చంపాలని కాదు. ఒక నీడ, అంతే.

శనివారం రాత్రి ఆమె తండ్రిని ట్రక్కు ఎక్కించింది. మర్నాడే సమాధుల దీవెన. "చూపించేది చూపిస్తాను నాన్నా. చూశాక రేపు రావాలనిపిస్తే రా. లేకపోతే టైర్లకి గాలి కొట్టుకో."

దారి మలుపు తిరిగాక ఎమిల్, "అటు బురద ఎక్కువ," అన్నాడు.

"ఉంటే ఉండనీ."

మిల్లు ముందు ఇంజను ఆపేసరికి వాగు చప్పుడు కూడా ఆగినట్టయింది. సీటు వెనక రెండు రైఫిళ్ళు. ఒకటి ఆమెది. రెండోది ఎమిల్ పాతది — షెరీఫు ఆఫీసు నుంచి తిరిగొచ్చిన గోనెసంచీలోంచి నాలుగేళ్ళుగా బయటికి రానిది. లైటు దానికే ఉంది ఇంకా. ట్విలా రెండింట్లోనూ తూటాల్లేవని రెండుసార్లు చూసింది. తన లైటుని వెనక్కి జరిపింది, ద్వారంలో నిలబడింది, నొక్కింది.

తుప్పు రేకుల మీద వెలుగు. ఎడమ పక్కన నల్లటివాడు.

ఎమిల్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"భయపడకు. చూడు." తిప్పింది. వాడు జరిగాడు. ఇంకా తిప్పింది. ఇంకా జరిగాడు. "గొట్టం నీడ నాన్నా. ఆ రాత్రి ఇది బాబాయి కోటు మీద పడింది. నువ్వు కాల్చింది దీన్ని."

లైటుని గొట్టం మూతి దాకా జరిపి మళ్ళీ వేసింది. రేకుల మీద నీడ లేదు. పాత ప్రెస్సు, గడ్డి, ఎలుక కన్నాలు. ఇంకేమీ లేదు.

"చూశావా?"

ఎమిల్ ట్రక్కు దగ్గరికి వెళ్ళి సంచీలోంచి తన రైఫిలు తెచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత — ఎడమ భుజానికి ఆనించాడు.

ట్విలాకి అప్పుడు తట్టింది. ఆ ఎడమ చేత్తోనే ఆయన ఆమెకి చిన్నప్పుడు అన్నం తినిపించాడు. ఆ ఎడమ చేత్తోనే తాడు విసిరేవాడు. ఇన్నేళ్ళు కళ్ళారా చూసిన సంగతి, కొట్లో కూర్చున్న పూట గుర్తే రాలేదు.

ఎడమచేతివాటం మనిషి లైటుని తనే ఎడమ పక్కకి మార్చి బిగించుకుంటాడు.

ఎమిల్ నొక్కాడు. పాత లైటు, మసకగా, పసుపుగా. నీడ పడింది. కుడి పక్కన.

"ఇది నా గొట్టం నీడ," అన్నాడు ఎమిల్, ఎవరినో నిద్రలేపకూడదన్నట్టు. "పదేళ్ళు పందుల వెంట తిరిగానమ్మా దీంతో. నా నీడ నాకు తెలియదా? అది ఎప్పుడూ ఇటే ఉండేది. ఆ రాత్రి కూడా ఇటే ఉంది."

"మరి..."

"నేను చూసింది ఎడమ పక్కన. తిప్పితే జరగలేదు. మీ బాబాయి కోటుకి అడ్డంగా నిలబడింది."

ట్విలా తన లైటు ఆర్పలేదు, ఆయనా ఆర్పలేదు. కొత్తది తెల్లగా, పాతది పసుపుగా. ఆయన నీడ కుడి పక్కన, ఆమె వెలుగులో కరిగిపోతూ ఉంది. ఆమె లైటు గొట్టం మూతి దగ్గరుంది కాబట్టి ఆమె గొట్టానికి నీడే లేదు. ఇక ఎడమ పక్కన, ప్రెస్సు దగ్గర, రెండు వెలుగులూ పడే చోట రేకులు స్పష్టంగా కనిపించాలి.

అక్కడ నల్లగా ఉంది.

ఇందాక లేదు.

ఆమె తెలియకుండానే వెలుగుని అటు తిప్పింది — వెలుగుతో పాటు గొట్టాన్నీ. ఆ నల్లటిది జరగలేదు. దాని వెనక, అంచున, ఒక వేలెడంత మేర... నారింజ రంగు.

ఎమిల్ చెయ్యి వచ్చి ఆమె గొట్టం మీద పడింది. మెల్లగా కిందికి నొక్కింది.

"దించమ్మా," అన్నాడు. "దీంతో చూడడమంటే గురి పెట్టడమే. వాడి మీద రెండోసారి వద్దు."

రెండు లైట్లూ ఆరిపోయాయి. చీకట్లో ఎమిల్ రైఫిలుని నేలమీద పెట్టిన చప్పుడు. తర్వాత ఆయన గొంతు, ద్వారం లోపలికి, నాలుగేళ్ళుగా ఎవరితోనూ వాడని గొంతు —

"రేపు వస్తాన్రా, ఆల్విన్."

జవాబేమీ రాలేదు. రాలేదనే ట్విలా ఈనాటికీ చెబుతుంది. నేను మళ్ళీ అడిగితే మాట మార్చి పందుల గురించి మాట్లాడుతుంది.

మర్నాడు ఎమిల్ ఇస్త్రీ చొక్కాతో శ్మశానానికి వచ్చాడు. ఫాదర్ నీళ్ళు చల్లుతూ ఆల్విన్ రాయి దగ్గరికి చేరేసరికి అందరూ వ్లాస్టా వంకే చూస్తున్నారు. ఆమె ఎమిల్ మొహం ఒకసారి చూసి, ఒక అడుగు జరిగి చోటిచ్చింది.

ఆయన వెళ్ళి ఆ పక్కనే నిలబడ్డాడు. ఆనుకుని కాదు. తన ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి, దానికి అవతల వ్లాస్టా ఉండేలా.

మంచి ఎండ. గడ్డి మీద అందరి నీడలూ ఉన్నాయి. ఆ ఖాళీ ముందు గడ్డి మీద నీడ ఉందో లేదో ట్విలా చూడలేదు. పట్టపగలే అయినా చూడలేదు.