ఖాళీ గడుల్లో సున్నాలు

"వైరస్ మోడల్లో శత్రుముఠా వేలు పెట్టబోతోందట. లోపలి దొంగెవరో తేల్చు" అన్నాడు గూఢచారి శాఖ పెద్దాయన, కారు అద్దం సగం దించి.

అడుగుల చప్పుడు వినబడదని ఏజెంటుకి పిల్లి అని పేరు. టైపిస్టు వేషంలో పరిశోధనశాలలో చేరాడు. చొక్కా రెండో గుండీలో కెమెరా.

అక్కడ లెక్కలక్క ఉంది. మందు పడ్డాక రోగుల రక్తంలో వైరస్ ఎంత వేగంగా తగ్గుతోందో లెక్కగట్టి, మందు ఎన్నాళ్లు వాడాలో చెప్పే మోడల్ ఆవిడదే. "తిన్నావా తమ్ముడూ?" అని అడగనిదే పని చెప్పేది కాదు. అయినా మోడల్ ఆవిడ చేతిలోదే గదా! దొంగ ఆవిడేనని పిల్లి వైర్‌లెస్‌లో చెప్పేశాడు.

ఆసుపత్రులకి ఆర్డరు వెళ్లే సాయంత్రం గార్డులు వచ్చి అక్క చేతులు పట్టుకున్నారు. ఆవిడ కళ్లు మాత్రం స్క్రీన్ మీదే.

"ఈ సున్నాలెక్కడివి? వైరస్ యంత్రానికి అందనంత తక్కువుంటే ఆ గడి ఖాళీగా వదిలాను. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు! సున్నాలు చూసి వైరస్ చచ్చిందనుకుంది మోడల్. మందు సగంలో ఆపేస్తే అది మళ్లీ లేస్తుంది. జనం పోతారయ్యా!"

పిల్లి చెయ్యి గుండీ మీదికి పోయింది. ఆ సున్నాలు కొట్టింది తనే.

మొన్న ముత్యాల దండావిడ కొట్టించింది. ముఠా వదిలి మన వైపు వచ్చానంటూ కబుర్లు మోసే డబుల్ ఏజెంటు. "ఖాళీలు ఎంత అసహ్యంగా ఉన్నాయో! సున్నాలు పెట్టెయ్, మంచి టైపిస్టువనుకుంటారు" అని భుజం మీద వాలింది. సెంటు వాసనకి ఒళ్లు మరిచి టకటకా కొట్టాడు.

అంతా గుండీలో ఉంది. పీకి కాలవలో పడేస్తే ఎవరికీ తెలియదు.

"ఆ తమ్ముణ్ణేమీ అనకండి, వాడికేం తెలియదు" అంది అక్క గార్డులతో.

ఆ మాటకి పిల్లికి తల కొట్టేసినట్టయింది. ఆర్డరు పంపే అధికారి వేలు అప్పటికే మీట మీదికి దిగుతోంది.

"ఆగండి! ఆవిణ్ణి వదలండి. దొంగ ఇందులో ఉన్నాడు" అంటూ గుండీ పీకి ఇచ్చాడు.

కెమెరాలోది గోడ మీద వేస్తే అందరూ చూశారు: ముత్యాలు, పక్కనే అతని వేళ్లు. ముత్యాలావిడ గేటు దాటకుండానే దొరికింది. అక్క సున్నాలు చెరిపి మోడల్ మళ్లీ నడిపింది. పూర్తి రోజుల మందుకే ఆర్డరు వెళ్లింది. ఆవిడ అతని వైపు చూడలేదు, తిన్నావా అనీ అడగలేదు.

"దొంగని పట్టుకున్నావు. రిపోర్టులో ఏం రాయను? బహుమతా, సస్పెన్షనా?" అన్నాడు పెద్దాయన.

పిల్లి తలెత్తలేదు.

"ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి సార్."