నీహారిక చూపించని పేట

అనుదీప్ శవం శుక్రవారం తెల్లవారుజామున విశాఖ హార్బరులో తేలింది. ఆ కబురు శనివారం మధ్యాహ్నానికల్లా తిరువూరు చేరింది.

కబురు తెచ్చినవాడు వీరరాఘవయ్య. ఎ.కొండూరు మనిషి. భుజాన తువ్వాలు, చెప్పులకి ఎర్రమట్టి. చూసినవాళ్లు పత్తి రైతనుకుంటారు. నిజంగా పత్తి రైతే. కాకపోతే ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకి ఈ ప్రాంతపు చీఫ్ కూడా ఆయనే. బస్టాండు ఎదురుగా ఉన్న విత్తనాల కొట్లోకి వచ్చి, గల్లా ముందు నిలబడ్డాడు.

"తెల్ల బంగారం విత్తనం ఉందా?"

"నిరుటి స్టాకు అయిపోయిందండి," అన్నాడు శ్రీనాథ్.

"అయితే ఈయేటిదే ఇవ్వు."

కోడ్ సరిపోయింది. శ్రీనాథ్ లేచి లోపలి గోడౌను తలుపు తీశాడు. నలభై ఏళ్లు, పెళ్లి కాలేదు, తాతల నాటి కొట్టు. ఊరి దృష్టిలో అతను సంబంధం కుదరక మిగిలిపోయిన మంచి కుర్రాడు. ఆ ఢిల్లీ ఆఫీసు రికార్డుల్లో మాత్రం ఏజెంట్ నైన్.

బస్తాల మీద కూర్చుని రాఘవయ్య బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"విశాఖలో మన ఏజెంట్ అనుదీప్‌ని చంపేశారు, అతని జాగాలో నువ్వెళ్లాలి. రేపు కాదు, వచ్చే వారం ఆదివారం. టార్గెట్ ఒక చిప్. మన కొత్త ఓడ ఏ రోజు, ఏ దారిన సముద్రంలోకి వెళ్తుందో అందులో ఉంది. ఫారిన్ గ్యాంగు దాన్ని నీహారిక చేత బయటికి తెప్పిస్తోంది."

నీహారిక పేరు వినగానే శ్రీనాథ్ గోడౌను తలుపు దగ్గరికి లాగాడు. వైజాగ్ పేటలన్నీ తిప్పి చూపించే టూరిస్టు గైడ్ ఆమె. గ్యాంగు మనిషి. రెండేళ్ల కిందట శ్రీనాథే ఆమెను మన వైపు తిప్పాడు. అప్పటి నుంచి డబుల్ ఏజెంట్.

"చిప్ అందుకునే పెద్ద తలకాయ ఎవరో నీహారికకి కూడా తెలీదు. ఆదివారం ఆమె వెంట నడిచే టూరిస్టుల్లోనే ఉంటారు. వాళ్ల దగ్గర పుస్తకమంత ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. చిప్ పెట్టాక ఏడు నిమిషాలు ఎర్ర లైటు. పచ్చ వెలిగిందంటే డేటా వెళ్లిపోయినట్టే. ఆలోపు నువ్వు ఆపాలి."

"మరి నీహారిక?"

"ముందు చిప్పు సంగతి చూడవయ్యా," అన్నాడు రాఘవయ్య, తువ్వాలు దులుపుకుంటూ.

సోమవారం ఉదయానికి శ్రీనాథ్ విశాఖలో ఉన్నాడు. మాసిన గళ్ల లుంగీ, మెడలో శిలువ, జేబులో జోజప్ప అనే పేరున గుర్తింపు కార్డు. వృత్తి బోటు మెకానిక్. టూరిస్టులకి రేవు కబుర్లు చెప్పడానికి నీహారిక పెట్టుకున్న మనిషి.

చిక్కేమిటంటే, జోజప్ప వైజాగులో పుట్టి పెరిగినవాడు. శ్రీనాథ్‌కి తెలిసిన వైజాగ్ రైల్వే స్టేషనుకీ బీచికీ మధ్య ఉన్నంతే.

"ఆరు పేటలు. రోజుకొకటి చూపిస్తా," అంది నీహారిక. నల్ల కళ్లద్దాలు, ఎర్ర కుర్తా, ఎవరైనా వెనక్కి తిరిగి చూసే నడక. ఆమె మూడు భాషల్లో అబద్ధాలు ఆడగలదు. నిజం చెప్పాలంటే మాత్రం తెలుగులోనే చెబుతుంది. "ముందు ఆ 'ఏంటి' మానెయ్. 'ఏటి' అను."

"ఏటి?"

"దేవుడా. నిన్ను ఆదివారం పొద్దున్నే పట్టుకుంటారు."

మొదటి రోజు కురుపాం మార్కెట్టు. రాతి కమాను కింద నుంచి లోపలికి వెళ్తే ఇరుకు సందులు, పాత కొట్లు, పచారీ వాసన. శ్రీనాథ్‌కి ప్రాణం లేచి వచ్చింది. ప్రతి గల్లా దగ్గరా ఆగి సరుకు చేత్తో నలిపి చూడబోయాడు. నీహారిక చెయ్యి మీద ఒక్కటి వేసింది. "జోజప్పకి కందిపప్పు నాణ్యతతో ఏం పని?" ఆ మర్నాడు పాతపట్నంలో గుడీ దర్గా చర్చీ పక్కపక్క కొండల మీంచి ఒకే హార్బరుని చూస్తున్న చోటికి ఎక్కించింది. కంచరపాలెంలో రైళ్ల చప్పుడు మధ్య మనుషులు గొంతు పెంచి మాట్లాడుకోవడం నేర్పింది. "ఇక్కడ గుసగుసలు ఉండవు. రహస్యాలు కూడా అరిచే చెప్పుకుంటారు." సిరిపురంలో జనం నడవరు, కార్లు ఎక్కడ పెట్టాలా అని తిరుగుతుంటారు. అయిదో రోజు ఫిషింగ్ హార్బరు. బోట్లు, వలలు, ఐసు ముక్కలు చేసే మిషన్ల రొద.

"ఆరోది?"

"భీమిలి. అది పని అయ్యాక. నీతోనే, జోజప్పతో కాదు," అంది. "నన్ను తిరువూరు తీసుకెళ్తానన్నావు. అక్కడేం చూపిస్తావు?"

"మధిర రోడ్డు ఒక పేట. విజయవాడ రోడ్డు ఇంకో పేట. అయిపోయింది."

నీహారిక పగలబడి నవ్వింది. ఆ నవ్వు కోసం ఉద్యోగం వదిలెయ్యొచ్చనిపించింది శ్రీనాథ్‌కి. నిజానికి ఆమెకిచ్చిన మాట అదే. ఈ ఒక్క ఆదివారం గడిస్తే ఇద్దరూ ఈ బతుకులోంచి బయటపడాలి. ఆమె ప్రాణాలతో బయటపడటం తప్ప అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

ఆదివారం టూరిస్టులు ఇద్దరే వచ్చారు. సింగపూర్‌లో ఆర్కిటెక్టునని చెప్పిన హర్షవర్ధన్, మెడలో మూడు కెమెరాలు. రిటైరయిన జాగ్రఫీ టీచరు సరోజినీదేవి, నేత చీర, నల్ల గొడుగు, పెద్ద హ్యాండ్‌బ్యాగు. శ్రీనాథ్ పొద్దుట నుంచీ హర్షవర్ధన్‌ని వదల్లేదు. సిరిపురం కాఫీ షాపులో, గ్యాంగు నుంచి ముందే వచ్చిన ఆదేశం ప్రకారం, నీహారిక చిప్ దాచిన పంచదార ప్యాకెట్‌ని మిగతా ప్యాకెట్లతో పాటు గిన్నెలో పెట్టింది. హర్షవర్ధన్ రెండు ప్యాకెట్లు తీసుకున్నాడు. సరోజినీదేవి ఒకటి. శ్రీనాథ్ చొక్కా గుండీలోని కెమెరా ఆ రెండు ప్యాకెట్లనే ఫొటో తీసింది.

సాయంత్రం ఆరున్నరకి ఫిషింగ్ హార్బరు. ఐసు షెడ్డు దగ్గర హర్షవర్ధన్ బోట్లని ఫొటోలు తీస్తూ దూరంగా వెళ్లాడు. శ్రీనాథ్ వెంటపడబోతుంటే షెడ్డులో ట్యూబులైట్లు వెలిగాయి.

శ్రీనాథ్ రెండు చేతులూ వాటంతట అవే లేచాయి. వెలిగిన దీపానికి దణ్ణం పెట్టి, వేళ్లు కళ్లకద్దుకున్నాయి. పొద్దువాలి కొట్లో లైటు వేసినప్పుడల్లా వాళ్ల తాత చేసిన పని, తండ్రి చేసిన పని. పదిహేడేళ్ల ట్రైనింగు ఆ అలవాటు ముందు ఎందుకూ పనికిరాలేదు.

"ఎన్ని తరాల వ్యాపారం బాబూ మీది?" అంది సరోజినీదేవి, ఎంతో ఆప్యాయంగా.

అతను తిరిగి చూసేసరికి ఆమె గొడుగు ముడిచి ఉంది. దాని మొనలో సన్నటి సూది. ఆ సూది నీహారిక నడుముకి ఆనించి ఉంది.

"జోజప్పలు ట్యూబులైటుకి దణ్ణం పెట్టరు. నిన్ను తెచ్చింది ఈ పిల్లేగా? అంటే ఇదీ మీ మనిషే. కదిలావంటే పొడుస్తాను. సూదిలో ఉన్న విషానికి విరుగుడు లేదు. కాసేపు నిలబడు, అయిపోతుంది."

చేపల ట్రే మీద ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచి ఉంది. అందులో ఎర్ర లైటు కొట్టుకుంటోంది. శ్రీనాథ్‌కి ఎడమ వైపు మూడడుగుల్లో బ్యాగు. కుడి వైపు మూడడుగుల్లో నీహారిక. గొడుగుని తన్నేస్తే ఆమె బతుకుతుంది. ఓడ మాత్రం దొరికిపోతుంది. అందులో రెండొందల మంది.

నీహారిక అతని కళ్లలోకి చూసింది. భయపడుతోంది. దాచుకోలేదు.

ఎర్ర లైటు గబగబా కొట్టుకోవడం మొదలైంది. శ్రీనాథ్ ఎడమ వైపు దూకాడు. బ్యాగుని ఎత్తి నోరు తెరుచుకుని తిరుగుతున్న ఐసు మిషన్లో పడేశాడు. ట్రాన్స్‌మిటర్ ఐసుతో కలిసి పొడైపోయింది. పచ్చ లైటు వెలగలేదు. వెనక చిన్న మూలుగు వినిపించింది.

పరిగెత్తుకొచ్చిన బోటు కూలీలు సరోజినీదేవిని పట్టుకున్నారు. హర్షవర్ధన్ కెమెరాలు కింద పడేసి ఏడుస్తున్నాడు. పాపం, అతను నిజంగానే ఆర్కిటెక్టు. శ్రీనాథ్ తడి నేల మీద కూర్చుని నీహారిక తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆపేశావా?"

"ఆపేశాను."

"మంచి పని చేశావు," అంది. ఆ మాట తెలుగులోనే అంది, కాబట్టి నిజమే అయ్యుండాలి. "చలేస్తోంది శ్రీనాథ్."

అతను ఏడ్చాడు. సిగ్గుపడలేదు. అంబులెన్సు వచ్చేసరికి ఆమె చెయ్యి ఐసుకన్నా చల్లబడింది.

జూన్ రెండో వారం. తిరువూరులో ఇంకా చినుకు పడలేదు. శ్రీనాథ్ గల్లా దగ్గర కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. వినగడప నుంచి వచ్చిన రైతు రెండుసార్లు పిలిస్తే గానీ పలకలేదు. రైతు వెళ్లాక వీరరాఘవయ్య లోపలికి వచ్చాడు. ఈసారి కోడ్ అడగలేదు. నేరుగా గోడౌనులోకి వెళ్లి బస్తా మీద కూలబడ్డాడు.

"ఎలా ఉన్నావు?"

"ఓడ వెళ్లిందా?" అన్నాడు శ్రీనాథ్.

"వెళ్లింది. కానీ ఆ తేదీన కాదు, ఆ దారిన కాదు." ఆయన తల ఎత్తలేదు. "చిప్‌లో ఉన్నది అబద్ధం, శ్రీనాథూ. వాళ్లకి చేరాలనే మనం తయారుచేశాం. నీహారికకి కూడా తెలీదు."

శ్రీనాథ్ గోడకి ఆనుకున్నాడు.

"మరి నన్నెందుకు పంపారండీ?"

"ఆపడానికి ఎవడూ రాకపోతే వాళ్లు నమ్ముతారా? మంచి ఏజెంట్ రావాలి. నిజంగా ప్రయత్నించాలి. చివరి క్షణంలో ఓడిపోవాలి."

"నేను ఓడిపోతానని ఎలా అనుకున్నారు?"

రాఘవయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఆ పిల్లంటే నీకెంతో నేనెరగనా? పీకల మీదకొస్తే నువ్వు ఆమె వైపే దూకుతావని రిపోర్టు రాసిచ్చింది నేనే." తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "నిన్ను తప్పు పట్టేవాళ్లెవరూ లేరయ్యా. నువ్వు డ్యూటీ చేశావు. పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా."

ఆయన వెళ్లిపోయాడు. పదిహేడేళ్ల సర్వీసులో శ్రీనాథ్ మిషన్ ఫెయిలవడం అదే మొదటిసారి. అదీ నూటికి నూరుపాళ్లు గెలిచి.