చాచిన చెయ్యి

కనుమ దారి మలుపులో అటవీ శాఖ వాళ్ల కొట్టం ఒకటి ఉండేది. దొంగబండ్ల మీద పట్టుకున్న ఎర్రచందనం దుంగలను వేలం వేసేదాకా అందులో పడేసేవాళ్లు. మూడు పక్కల గోడలు, పైన రేకులు, నాలుగో పక్క వెదురు తడిక. మామూలు రోజుల్లో గొర్రెల కాపర్లు అక్కడ కూర్చుని సద్ది తినేవాళ్లు. వాన పట్టుకుంటే తిరుపతి బస్సు కోసం నిలబడ్డ జనం లోపలికి దూరి, తల తుడుచుకుంటూ ఊరి కబుర్లు చెప్పుకునేవాళ్లు. అందులో ఎవరైనా భయపడ్డారంటే అది తేళ్లకే.

ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది, కార్తీకంలో ఒక సాయంత్రం, ఆ దుంగల మీద గురప్ప శవాన్ని పడుకోబెట్టారు. కాపలాకు ఇద్దరు కానిస్టేబుళ్లను ఉంచారు. ఒకడు పెంచలయ్య, నోరు మూస్తే ప్రాణం పోతుందేమో అన్నట్టు వాగే మనిషి. రెండోవాడు మునిరత్నం. కాణిపాకం దగ్గర ఐరాల పక్క రైతుబిడ్డ. ఈ కథ అతనిది.

ముందు గురప్ప ఎవరో చెప్పాలి. పేదవాళ్ల పేరు చెప్పి తుపాకి పట్టి, అడవిలో దళం కట్టినవాడు. మొదట్లో పల్లెల్లో అతనికి పిలిచి సంగటి పెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. తర్వాత ఒక భూస్వామి కారు కోసం దారిలో పాతిన బాంబు ఆ కారును వదిలేసి, వెనక వచ్చిన బస్సును పేల్చింది. చెనక్కాయలు పెరకడానికి పోతున్న ఆడకూలీలు పోయారు. ఆ తర్వాత దళం ఒక ఠాణా మీద పడింది. తుపాకి కింద పెట్టి చేతులెత్తిన కానిస్టేబులు కుప్పయ్యను గోడకు నిలబెట్టి కాల్చింది. కుప్పయ్య, మునిరత్నం ఒకే కంచంలో తిన్నవాళ్లు. గురప్ప దొరికితే తన చేత్తోనే చంపుతానని మునిరత్నం ఎన్నిసార్లు పళ్లు నూరాడో అతని భార్య తిరుమలమ్మకు తెలుసు.

అలాంటివాడు పోయి పోయి ఆ గురప్ప ప్రాణానికే పూచీ పడ్డాడు. తలరాత ఎవరి అనుమతీ అడగదు మరి.

జరిగింది ఇదీ. ఆ రోజు మధ్యాహ్నం కాలికి దెబ్బ తగిలిన గురప్ప ఒంటరిగా బండల సందులో చిక్కుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ధనంజయ మనుషులను చుట్టూ నిలబెట్టాడు. లోపల ఎన్ని తూటాలు మిగిలాయో తెలియదు. దూరితే ఒకరో ఇద్దరో పోవడం ఖాయం. గురప్ప పుట్టింది కూడా కాణిపాకం దగ్గరే కాబట్టి మాట కలుస్తుందని మునిరత్నాన్ని ముందుకు పంపాడు. బయటికి వస్తే ప్రాణంతో తీసుకుపోతామని చెప్పమన్నాడు. మునిరత్నం ఆ మాట నమ్మాడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

కాణిపాకం వినాయకుడి మీద దొంగ ఒట్టు పెట్టినవాడు బాగుపడడని ఆ చుట్టుపక్కల పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కోర్టుల్లో ఏళ్ల తరబడి నానిన తగాదాలు ఆ గుడి ముందు ఒక్క పూటలో తేలిపోతాయి. తప్పు చేసినవాడు తడిబట్టలతో దేవుడి ముందు నిలబడలేక దారిలోనే ఒప్పుకుంటాడు. మునిరత్నం పుట్టి బుద్ధెరిగాక ఆ దేవుడి పేరు మీద ఒట్టు పెట్టింది అదే మొదలు.

"గురప్పా, బయటికి రాప్పా. కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు. నీ ప్రాణానికి నా ప్రాణం పూచీ."

 లోపలినుంచి దగ్గు, దాని వెనకే మాట వచ్చాయి.

"నాకు దేవుడు లేడప్పా. నీకు ఉండాడు గదా, అది సాలు. సేతిలో సెయ్యేసి సెప్తావా?"

"ఏస్తా."

ఆ పల్లెల్లో నోటితో పెట్టిన ఒట్టు సగం ఒట్టే. ఎదుటివాడి అరచేతిలో అరచెయ్యి పడితే గాని అది పూర్తి కాదు. మునిరత్నం తుపాకి కింద పెట్టి ముందుకు నడిచాడు. గురప్ప తన తుపాకిని లోపలే వదిలేసి, కుంటుకుంటూ వచ్చి, కుడిచెయ్యి చాచాడు. అరచెయ్యి పైకి పెట్టాడు. రెండు చేతులకూ మధ్య జానెడు దూరం ఉండగా మునిరత్నం చెవి పక్కనుంచి తూటా దూసుకుపోయింది.

కాల్చింది ధనంజయే. అతను రాక్షసుడేమీ కాదు. బస్సు పేలిన రోజు ముక్కలైన ఆడకూలీలను దుప్పట్లలో ఏరినవాడు. ఆ రోజునుంచి మాంసం ముట్టనివాడు. శవం పక్కన నిలబడి, ఎవరూ అడగకుండానే చెప్పుకొచ్చాడు. వీణ్ణి ఒకసారి ప్రాణాలతోనే పట్టుకున్నామన్నాడు. దళం వాళ్లు ఒక కరణం బిడ్డను ఎత్తుకుపోతే, ఆ బిడ్డ కోసం వదిలేయాల్సి వచ్చిందన్నాడు.

"వదిలిన నెలకే బస్సు పేలింది. మళ్లీ పట్టుకుని, మళ్లీ వదిలితే, ఇంకో బస్సుకు నువ్వు పూచీ పడతావా మునిరత్నం?"

 ఆ మాట తప్పని మునిరత్నం అనలేకపోయాడు. ఒప్పని అనడానికి నోరు రాలేదు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగి, చివరికి ఒక్కటే అడిగాడు.

"అయితే నాతో ఒట్టు ఏంటికి పెట్టించినారు సార్?"

ధనంజయ మొహం తిప్పుకున్నాడు. "వాడు బయటికి రావాల గదా" అన్నాడు.

పొద్దున చిత్తూరు నుంచి పెద్ద అధికారి, డాక్టరు వస్తారు. గురప్ప కాల్పులు జరిపాడని, ఎదురుకాల్పుల్లో పోయాడని వాళ్లకు చెప్పాలి. అందుకు శవం చేతిలో నాటు తుపాకి ఉండాలి. తుపాకి ఉండాల్సిన చేతితోనే తంటా వచ్చింది. గురప్ప కూలిపోయినా అతని కుడిచెయ్యి కూలలేదు. చాచింది చాచినట్టే, అరచెయ్యి పైకి తెరుచుకునే ఉండిపోయింది. చూసినవాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది, ఆ మనిషి ఎలా చచ్చాడో. తెల్లారేలోగా దాన్ని దించి తుపాకి పెట్టమని చెప్పి, ధనంజయ మిగతావాళ్లతో జీపులో కిందికి పోయాడు. వెనకాలే వాన దిగింది. దారికి అడ్డంగా ఉన్న వంక పొంగింది. ఇక తెల్లారేదాకా ఎవరూ రారు.

చీకటి పడింది. రేకుల మీద వాన ఒక్కటే మోత. తడిసిన చందనపు చెక్క వాసన, దాని అడుగున పచ్చి నెత్తురు వాసన, లాంతరులోంచి కిరసనాయిలు వాసన. ఆ మూడూ కలిసి గొంతులో పేరుకుంటున్నాయి. లాంతరు వెలుగులో గోడ మీద పెద్ద చెయ్యి నీడ ఒకటి. గాలికి మంట ఊగితే అదీ ఊగుతోంది.

పెంచలయ్య తన ధోరణిలో తాను మాట్లాడుతూనే ఉన్నాడు. శవం కొయ్యబారితే ఇట్లానే ఉంటుందని, వాళ్ల తాత శవానికి మోకాళ్లు దిగకపోతే బండరాయి పెట్టారని చెప్పాడు. ఇద్దరూ కలిసి ఆ చేతిని పట్టుకుని కిందికి నొక్కారు. మొరాయించలేదు, దిగింది. పెంచలయ్య తుపాకి అందుకుని అరచేతిలో పెట్టాడు.

తుపాకి జారి కింద పడింది. చెయ్యి నెమ్మదిగా పైకి లేచింది.

మళ్లీ నొక్కారు. మళ్లీ లేచింది. విసురుగా కాదు. నిద్రలో ఉన్నవాడు పక్కకు ఒత్తిగిలినట్టు, తీరిగ్గా లేచింది. మూడోసారి మణికట్టుకు తాడు వేసి, ఇద్దరు మనుషులు కూడా కదపలేని దుంగకు బిగించి కట్టారు. కట్టి, గోడ వారన కూర్చున్నారు. వాన కొంచెం తెరిపిచ్చింది.

కిర్రుమంది తాడు.

ఆగింది.

మళ్లీ కిర్రుమంది... తర్వాత నేల మీద బరువైనదేదో రాసుకున్న చప్పుడు. దుంగ జరుగుతోంది. తాడు తెగలేదు, ముడి జారలేదు. దుంగనే ఈడ్చుకుంటూ చెయ్యి లేచి నిలబడింది.

పెంచలయ్య వాగుడు ఆగిపోయింది. ఉద్యోగంలో చేరాక అతను అంతసేపు మాట్లాడకుండా ఉండటం మునిరత్నం ఎప్పుడూ చూడలేదు. అందుకే ఇంకా భయమేసింది. మునిరత్నం లేచి, లాంతరు తీసుకుని, శవానికి అటుపక్కకు పోయి కూర్చున్నాడు. దూరంగా ఉంటే నయమనుకున్నాడు.

"మునిరత్నం..." పెంచలయ్య గొంతు పీలగా వచ్చింది. "అది నీ పక్కకే తిరిగిందబ్బా."

తిరిగింది. అరచెయ్యి ఇప్పుడు మునిరత్నానికి ఎదురుగా ఉంది.

పెంచలయ్య తడిక తోసుకుని వానలోకి పోయాడు. పోయేముందు వెనక్కి చూడకుండా ఒక మాట అన్నాడు. "అది నన్ను అడగలేదప్పా. నిన్నే అడుగుతా ఉండాది."

ఒంటరిగా మిగిలాడు మునిరత్నం. కాణిపాకం దేవుణ్ణి తలుచుకోబోయి నాలుక కరుచుకున్నాడు. ఇప్పుడు ఏ మొహంతో తలుచుకుంటాడు? కుప్పయ్యను తలుచుకున్నాడు, కోపం వస్తుందేమోనని. రాలేదు. కుప్పయ్య కూడా ఖాళీ చేతులెత్తే చచ్చాడన్నది మాత్రం గుర్తొచ్చింది. చంపినవాడి చెయ్యీ, చచ్చినవాడి చెయ్యీ ఒకటిగా కనబడసాగాయి. అంతకంటే నిస్సహాయంగా తానెప్పుడూ లేడు.

"నేను కాల్చలేదప్పా" అన్నాడు మెల్లగా. "నాకు తెల్దు. తెలిసుంటే పిలిసేవాణ్ణి కాదు."

చెయ్యి కదల్లేదు. రేకుల సందులోంచి వాన కారి, అరచేతి గుంటలో చుక్క చుక్కగా నీళ్లు చేరాయి. అయినా అది వంగలేదు. దానికి సంజాయిషీ అక్కర్లేదు. కావలసింది మధ్యాహ్నం ఇస్తానన్నదే. ఇచ్చేస్తే సరి, తన ఒట్టు తనకు తీరిపోతుంది. కానీ చచ్చినవాడి ప్రాణానికి పూచీ పడితే, ఆ పూచీ ఏ రూపంలో తీర్చాలి? ఆ సంగతి ఏ పెద్దమనిషీ అతనికి చెప్పలేదు.

తడిక సందుల్లో చీకటి పలచబడుతోంది. కాసేపట్లో జీపు వస్తుంది. ఎదురుగా ఉన్నదానికి భయపడాలో, రాబోయే వాళ్లకు భయపడాలో మునిరత్నానికి తెలియలేదు. లేచాడు. ఒక అడుగు వేశాడు. ఇంకొకటి. కళ్లు మూసుకున్నాడు. కుడిచెయ్యి చాచి... ఆ అరచేతిలో వేశాడు.

చల్లగా ఉంది.

చిటికెనవేలు ముడుచుకుంది. తర్వాత ఉంగరపు వేలు. తర్వాత మిగతావి. గట్టిగా పట్టుకోలేదు. సంతలో తప్పిపోతానేమోనని పిల్లవాడు పట్టుకుంటాడే, అంత మాత్రమే. మునిరత్నం భుజంలోంచి ఏదో జలజలమని కిందికి దిగింది. మోచెయ్యి దాటింది. మణికట్టు దాటింది. అక్కడ ఆగలేదు.

కళ్లు తెరిచేసరికి లాంతరు ఆరిపోయి ఉంది, తెల్లారింది. గురప్ప చెయ్యి ఒంటి పక్కన ఒద్దికగా పడుకుని ఉంది.

పెంచలయ్య తడిసి ముద్దై వచ్చి, చూసి, మారుమాట లేకుండా తుపాకి తీసి ఆ చేతిలో పెట్టాడు. ఈసారి జారలేదు. వేళ్లు ఎలా వంచితే అలా వంగాయి. "మెత్తగా ఉండాదే" అని గొణిగి, తన చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

జీపులు వచ్చాయి. ధనంజయ చూసి, మునిరత్నం భుజం తట్టాడు. ఆ కుడి భుజానికి తట్టినట్టే తెలియలేదు. పెద్ద అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. వయసు మళ్లిన డాక్టరు వంగి గాయం చూశాడు, కంటిరెప్ప ఎత్తి చూశాడు, తుపాకి తీయించి, అలవాటు కొద్దీ కుడి మణికట్టు పట్టుకున్నాడు.

పట్టుకుని, వదల్లేదు. రెండో చేతి గడియారం వైపు చూశాడు. పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్క పెడుతున్నట్టు.

"ఎప్పుడు పోయాడన్నారు?"

"నిన్న మధ్యాహ్నం" అన్నాడు ధనంజయ.

డాక్టరు ఆ చేతిని నిద్రపోతున్న బిడ్డ చేతిని దించినట్టు దించాడు. తలెత్తితే ఎదురుగా మునిరత్నం కనబడ్డాడు. ఇద్దరూ ఒక్క క్షణం చూసుకున్నారు. ఆయన రిపోర్టు కాగితం అందుకున్నాడు. సంతకం పెట్టేసి, ఇచ్చిన టీ ముట్టకుండా పోయి జీపులో కూర్చున్నాడు.

మునిరత్నం ఎడమ బొటనవేలితో తన కుడి మణికట్టు తడుముకున్నాడు. అటు జరిపాడు, ఇటు జరిపాడు. గట్టిగా నొక్కాడు. అక్కడ ఏమీ కొట్టుకోవడం లేదు.

శవాన్ని ఊళ్లోకి తీసుకుపోతే జనం గుమిగూడతారని, వంక గట్టునే కట్టెలు పేర్పించాడు ధనంజయ. అయినవాళ్లకు కబురు పోలేదు. కిరసనాయిలు పోశారు. నిప్పు పెట్టేవాడు లేడు.

"నువ్వే ముట్టించు మునిరత్నం. రాత్రంతా వాడి పక్కన ఉన్నది నువ్వే గదా" అన్నాడు ధనంజయ.

మునిరత్నం నోరు తెరిచాడు. ఆ చెయ్యి ఇంకా చావలేదు సార్ అనాలి. అంటే ఎవరు నమ్ముతారు? నమ్మినా ఏం చేస్తారు? నిన్న చేసిందే మళ్లీ చేస్తారు.  నిండా మనుషులున్న ఆ గట్టు మీద అతని గోడు చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు.

అతను కుడిచెయ్యి చాచాడు. ధనంజయ అగ్గిపెట్టె విసిరాడు. అది అరచేతిలో పడింది. పడిందని చూస్తే గాని తెలియలేదు. దాన్ని పట్టుకోవాలని వేళ్లు ముడవబోయాడు.

అతని వేళ్లు కదల్లేదు. చితి మీద, శవానికి కప్పిన తడిగుడ్డ అంచు కింద, గురప్ప వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి.