హెగ్‌స్టా పైగదిలో వేసిన ముఖం

ఎలోఫ్‌కి పదమూడేళ్ళప్పుడు వాళ్ళమ్మ అతన్ని తన తమ్ముడి చేతిలో పెట్టింది. ఆ మేనమామ మోర్టెన్ ఊరూరా తిరిగి రైతుల ఇళ్ళ గోడలకు బొమ్మలు వేసేవాడు. పద్దెనిమిది వందల ముప్ఫైల నాటి మాట. డాలార్నా సీమ నుంచి ఉత్తరానికి వారాల తరబడి నడక. మొదటి మూడేళ్ళూ ఎలోఫ్ రంగురాళ్ళు నూరాడు, వెన్న తీసిన పాలలో రంగులు కలిపాడు, కుంచెలు కడిగాడు. ఆ తర్వాత పువ్వులు చేతికొచ్చాయి. ఆ తర్వాత గుర్రాలు, గౌనుల మడతలు. ముఖాలు మాత్రం మోర్టెన్‌వే. అడిగితే, "దానికి తొందరేంట్రా" అని మాట మార్చేసేవాడు.

ఎలోఫ్‌కి పంతొమ్మిదేళ్ళు నిండిన జూన్‌లో ఇద్దరూ హెల్సింగ్‌లాండ్ సీమలోని హెగ్‌స్టా అనే కమతానికి వెళ్ళారు. పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప తలుపు తియ్యని విందుల ఇల్లొకటి అక్కడ విడిగా ఉంది. దాని పైగది చెక్క గోడ నిండా పెళ్ళి ఊరేగింపు వెయ్యాలి. మోర్టెన్ గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, పక్క ఊళ్ళో పని మాట్లాడొస్తానంటూ మూట భుజానేసుకున్నాడు.

"ముఖాలు కూడా నువ్వే వేసెయ్," అన్నాడు, ఇటు చూడకుండా.

ఆరేళ్ళుగా ఎదురుచూసిన మాట. ఎందుకో సంతోషం రాలేదు.

ఇంటివాళ్ళు పశువుల్ని తోలుకుని కొండ మీది మేతకి వెళ్ళిపోయారు. మిగిలింది ముసలి యజమానురాలు కెర్స్టిన్ ఒక్కతే. ఆమె రోజూ రొట్టె, పుల్లపాలు కింది మెట్టు మీద పెట్టి వెళ్ళేది. పైకి ఎక్కేది కాదు. ఆ నెలలో అక్కడ చీకటి పడదు. ఏ రోజు ఎక్కడ ముగిసిందో ఎలోఫ్‌కి తెలిసేది కాదు. పులిసిన పాల రంగు వాసన, కిటికీ అద్దానికి కొట్టుకునే ఈగల రొద. నాలుగో రోజు తనలో తాను మాట్లాడుకున్నాడు. అయిదో రోజు గోడ మీది గుర్రాలతో మాట్లాడాడు.

ఆరో రోజు సాయంత్రం జవాబొచ్చింది.

"ఆ గుర్రం కుంటిదా?"

కిటికీ కింది బల్ల మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నీలం గౌను, తలకి తెల్లగుడ్డ. కొండ మీంచి పాలు దించడానికొచ్చిన పనిపిల్ల కాబోలనుకున్నాడు. కుంటిది కాదు, కాలెత్తిందంతే అని చెప్పాడు. మనిషి గొంతు వినేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆమె రోజూ వచ్చేది. ఎక్కువ మాట్లాడేది కాదు. ఆమె ఉన్నంతసేపూ ఈగల రొద ఆగిపోయేది. అతనికది హాయిగా ఉండేది. అతను ఎక్కితే కిర్రుమనే మెట్లు ఆమె రాకకి ఒక్కసారీ కిర్రుమనలేదని అప్పుడు తోచలేదు.

"నన్నెక్కడ పెడతావు?" అని ఒకరోజు గుసగుసగా అడిగింది.

పెళ్ళికూతురి వెనక చోటుంది. ఆమెని చూస్తూ మూడు సాయంత్రాలు వేశాడు. అతని మొదటి ముఖం. ఊపిరి పీలుస్తుందేమో అన్నట్టు కుదిరింది. చూపిద్దామని వెనక్కి తిరిగితే బల్ల ఖాళీ.

ఎవరికో ఒకరికి చూపించకుండా ఉండలేక కెర్స్టిన్‌ని బతిమాలి పైకి తీసుకొచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది. అరవలేదు.

"నీక్కూడా కనబడిందా, నాయనా," అంది.

ఇంతకుముందు ఇద్దరు ఇదే గోడ మీద ఇదే ముఖం వేశారని, రెండుసార్లూ దాని మీద రంగు పూయించామని చెప్పింది. మొదటివాడి పేరు గుర్తులేదట. రెండోవాడు పాతికేళ్ళ కింద వచ్చిన కుర్రాడు. పేరు మోర్టెన్.

"ఎవరవ్వా ఆ పిల్ల?"

"మా ఇంటి పిల్ల కాదు. ఈ ఊరి పిల్లా కాదు. ఎవరో మాకూ తెలీదు."

ఆమె దిగిపోయాక ఎలోఫ్ కత్తి తీసి ఆ ముఖాన్ని గీకాడు. రంగు పొడిపొడిగా రాలింది. దాని కింద... అదే చెంప. ఇంకా గీకాడు. దాని కిందా అదే. చెక్క తేలేదాకా గీకాడు.

ఈగల రొద ఆగిపోయింది.

అతను తిరగలేదు. చెవి దగ్గర చల్లగా...

"ఈసారి ఎక్కడ పెడతావు?"

కుంచెలు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. పక్క ఊళ్ళో మోర్టెన్ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. మేనల్లుడి గోళ్ళల్లో ఇరుక్కున్న రంగు చూశాడు. తలొంచుకుని అన్నాడు.

"నాది పిచ్చి కాదని తేల్చుకుందామనుకున్నానురా."

ఎలోఫ్ ఆ రోజే మామ నుంచి విడిపోయాడు. ఆపైన బతుకంతా ఒంటరిగానే తిరిగాడు. మంచి పేరొచ్చింది. అయితే అతని గోడల మీద ఆడవాళ్ళందరూ అటు తిరిగే నడిచేవారు. జడలు, తలగుడ్డలు, వీపులు. మేస్త్రీకి ఆడాళ్ళంటే సిగ్గని జనం నవ్వుకునేవారు.

ఒక చలికాలం మధ్యాహ్నం, కిందటేడాది తను బొమ్మలు వేసిన ఇంట్లోనే భోజనానికి ఆగాడు. ఇల్లాలు గిన్నెలో గంజి పోస్తూ మెచ్చుకుంది.

"నిరుడు నేను సరిగ్గా చూడనేలేదు మేస్త్రీ. ఆ చివర నడిచే పిల్ల చెంప ఎంత ముద్దుగా వేశావో."

ఎలోఫ్ చెంచా కింద పెట్టాడు. గోడ అతని వెనకే ఉంది.