మొగలిలంకకు రెండు గోడలు

మొగలిలంకలో ప్రతి కరెంటు స్తంభానికీ ఒక చెవి ఉండేది. 2074 నాటికి అది ఎవరికీ వింత కాదు. సముద్రం పొంగినచోట మంచినీటికి కరువు, కరువు వచ్చినచోట కొట్లాట, అది ముదిరితే యుద్ధం అని దేశాలన్నీ తేల్చుకుని, అంతర్జాతీయ వాతావరణ నిధిని తమ రక్షణ శాఖల చేతిలో పెట్టాయి. ఎక్కడ గొడవ రాజుకుంటుందో అక్కడికే సాయం ముందు వెళ్లాలి. దాన్ని పసిగట్టడానికి డాక్టర్ వకుళ తయారుచేసిన యంత్రమే కలహమాపకం. స్తంభాల మీది సెన్సర్లతో మనుషుల గొంతుల్లో బిగువును విని, నూటికి ఇన్ని మార్కులని చెబుతుంది.

మొగలిలంకకు మూడు మార్కులు వచ్చాయి. అరవై దాటితే గాని సముద్రానికి అడ్డుగోడ రాదు. గోడ లేకపోతే వచ్చే ఏటి తుఫానుకు లంకే ఉండదని వకుళకు తెలుసు.

“ఊరంతటికీ ఒక్కటే మంచినీళ్ల బావి. అయినా మూడేనా?” అని యంత్రాన్ని అడిగింది.

“రెండు పేటలవాళ్లూ వంతు తప్పకుండా తోడుకుంటున్నారు. గొడవకు ఆస్కారం లేదు.”

“సముద్రం ముంచేస్తుంది కదా!”

“సముద్రం ఎవరితోనూ గొడవపడదు. అది నా పరిధిలోకి రాదు.”

ఈ మాట ఫోనులో చెప్పడానికి మనసొప్పక వకుళ స్వయంగా లంకకు వెళ్లింది. బావి వంతులు చూసే నీరుగంటి వరాలమ్మ అంతా విని నవ్వింది. “కొట్టుకుంటే గోడొస్తదంటే కొట్టుకుంటామండి. దానికేం భాగ్యం?” అంది. వకుళ వద్దనలేదు. వద్దననందుకు తిరుగు ప్రయాణమంతా సిగ్గుపడింది.

మొగలిలంకవాళ్లకు వంతులు తప్ప మరో పద్ధతి తెలియదు. తిట్లకూ వంతులు వేసుకుని, బావి దగ్గరి పలక మీదే రాశారు. సోమవారం తూర్పుపేట తిట్టాలి, మంగళవారం పడమటిపేట. పాత కుండలు తెచ్చి మరీ పగలగొట్టారు. తిట్టేవాళ్లకు నవ్వాగేది కాదు. మార్కులు మూడు నుంచి రెండుకు పడిపోయాయి.

నాలుగో వారం ఒకడు తిట్ల ఊపులో అవతలివాడి చచ్చిపోయిన తండ్రిని లాగాడు. అది ఒప్పందంలో లేదు. అవతలివాళ్లు తమ వంతు దాకా ఆగలేదు. ఆ సాయంత్రం మార్కులు నలభై. పది రోజుల్లో డెబ్బైఒకటి.

గోడ లేచింది. తుఫాను వచ్చి, దాన్ని ఢీకొని వెళ్లిపోయింది. నిధివాళ్లు తమ నివేదికలో మొగలిలంకను విజయాల జాబితాలో రాసుకున్నారు. వకుళ చూడ్డానికి వెళ్లింది. ఒక్క ఇల్లూ మునగలేదు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

బావి దగ్గరకు వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. బావి నడిమధ్య నుంచి ఊరి పొడవునా ఇంకో గోడ ఉంది. దానికి అటూ ఇటూ తుపాకులు పట్టుకుని జవాన్లు ఉన్నారు. శాంతిభద్రతల కోసమని ఈ గోడనూ జవాన్లనూ ఎవరూ అడక్కుండానే నిధివాళ్లు ఇచ్చారట.

వరాలమ్మ పనిలేక గట్టు మీద కూర్చుని ఉంది. ఎండకు నోరెండిపోయి, వకుళ కాసిని మంచినీళ్లు అడిగింది.

వరాలమ్మ చెంబు అందుకుంది. స్తంభం మీది చెవిని ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఏ పేట నీళ్లు తాగుతారండి?”