స్టేషను ఎదుటి ఇల్లు

పొద్దున్నే బాల్కనీలో బట్టల తీగ దగ్గర అత్తాకోడళ్ళకు తగువు వచ్చింది. కోడలు ఆరేసిన దుప్పటిని అత్తగారు ఓ మూలకు నెట్టి, తన తువ్వాలు పరిచింది.

"ఎండ మీ ఒక్కరి సొత్తా అత్తయ్యా?"

"నా సొత్తెలా అవుతుందమ్మా, ఇల్లు పట్టింది నువ్వేగా! మేం నీడలో ఆరతాంలే."

బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న కొడుకు తలెత్తలేదు. అన్నం డబ్బా సంచిలో వేసుకుని, "ఇవాళా ఓవర్‌టైమే" అంటూ మెట్లు దిగిపోయాడు. ఊరవతల కర్మాగారంలో అతను ఫిట్టరు.

పాత ఇల్లు నగరానికి ఆ కొసన ఉండేది. రైలు దిగి, రెండు బస్సులు మారి అతను వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. స్టేషను ఎదుటే ఉంటే పొద్దుండగానే మనిషి ఇంట్లో ఉంటాడని కోడలు పట్టుబట్టింది. ఎక్కువైన అద్దె తన కుట్టుపని మీద వెళ్ళదీస్తానంది. గదులు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. రైలొస్తే గూట్లో గిన్నెలు గలగలమంటాయి. అన్నిటికీ సర్దుకున్నారు. తీరా చూస్తే అతను వచ్చే వేళ మాత్రం మారలేదు. "నీ ఇంటి అద్దెకే వాడి ఒళ్ళు హూనమైపోతోంది" అని అత్తగారు పొడిచేది. కోడలు ఊరుకునే రకం కాదు.

ఆ సాయంత్రం బట్టలు తీయబోయిన అత్తగారి చెయ్యి తీగ మీదే ఆగిపోయింది. కింద, స్టేషను గేటు పక్క టీ కొట్టు బెంచీ మీద కొడుకు కూర్చుని ఉన్నాడు.

"ఇలా రా" అంది గొంతు తగ్గించి.

కోడలు వచ్చి చూసింది. ముఖం పాలిపోయింది. "ఎవరికోసమో ఎదురుచూస్తున్నారు అత్తయ్యా."

"నోర్ముయ్! నా కొడుకు అలాంటివాడు కాదు." అంటూనే అత్తగారు చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

ఆ ఇద్దరూ ఒక్క మాట మీద మెట్లు దిగడం అదే మొదలు.

వాళ్ళను చూసి కొడుకు లేవలేదు. టీ కొట్టాయన మాత్రం నవ్వాడు. "మూడో అంతస్తువాళ్ళే కదమ్మా? ఇవాళ ఇంకా మొదలవలేదేంటా అనుకుంటున్నాం."

అత్తగారికి తల కొట్టేసినట్టయింది.

"రోజూ ఇక్కడేనా?" అని అడిగింది కోడలు.

"మీ గొంతులు సద్దుమణిగాక పైకొస్తాను."

"రైలు మోత భరిస్తావు గానీ, మా మాటలు భరించలేవట్రా?" అంది తల్లి.

"రైలు అరిచి వెళ్ళిపోతుందమ్మా. మీరు ఆగరు." అతను గ్లాసు కింద పెట్టాడు. "పాత ఇంటికి రెండు బస్సులుండేవి. కిటికీ పక్కన కూర్చుని కాస్త ఊపిరి పీల్చుకునేవాణ్ణి. అదీ లేకుండా చేశారు."

కోడలికి ఏడుపు ఆగలేదు. అత్తగారికీ కళ్ళు చెమర్చాయి.

"తప్పు నాదిరా. పెద్దదాన్ని, నేనే తగ్గాల్సింది."

"మీదేం లేదత్తయ్యా. తప్పు నాది."

"నాదంటున్నానా!"

"అన్నీ మీవేనా? తప్పయినా నన్ను ఒప్పుకోనివ్వరా?"

టీ కొట్టాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కొడుకు ఇంకో టీ చెప్పాడు.

అప్పుడు వినపడింది అత్తగారికి తన గొంతు, ఇన్నాళ్ళూ కొడుక్కి వినపడినట్టుగా. చేత్తో నోరు మూసుకుని అతని పక్కన కూలబడింది. కోడలు రెండో పక్కన కూర్చుంది. టీ అయిపోయాక అతనే లేచి, "పదండి" అన్నాడు.

ఈ ఇంటికా, మళ్ళీ నగరం ఆ కొసకా అని అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.